టెస్టరమ్మా, కిటికీ కింది బల్లా

టెస్టరమ్మ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరిస్తుంది, ఆ వెంటనే గోడల్ని పలకరిస్తుంది. నోరు “బాగున్నారా, పిల్లలు బాగున్నారా” అంటూనే ఉంటుంది. కళ్ళు మాత్రం తలుపు పక్క స్విచ్చిబోర్డు మీంచి ఫ్రిజ్ వెనక వేలాడే వైరు మీదికీ, అక్కణ్ణించి మంచం పక్కన మసిబారిన ప్లగ్గు మీదికీ నడిచిపోతుంటాయి. టీ కప్పు చేతికొచ్చేలోపు ఆ ఇంటి గుట్టు సగం ఆవిడకి తెలిసిపోతుంది. మిగతా సగం తెలుసుకోవడానికి చేతిసంచిలో దువ్వెన పక్కనే టెస్టరు ఉంటుంది.

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు పెట్టెలో ఉండిపోయింది. వీధి పెట్టిన పేరు నిలిచింది. మొదట్లో అది వెక్కిరింతే. టెస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ఆడమనిషిని ఆ వీధి అప్పటిదాకా చూసి ఎరగదు. ఆవిడ ఆ వెక్కిరింతని కింద పడనివ్వకుండా పట్టుకుని, దులిపి, తన పేరు చేసుకుంది. ఇప్పుడు ఫోనెత్తినా “ఆ, టెస్టరమ్మనే మాట్లాడుతున్నా” అంటుంది. వెక్కిరించినవాళ్ళే ఇంట్లో చిటపటమని చప్పుడు వినపడితే ముందు ఆవిడకే ఫోను చేస్తారు.

వీధి మొదట్లో ఆవిడ భర్తకి చిన్న రిపేరు షాపు ఉంది. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తాడు. తన బల్ల దగ్గర్నుంచి లేచి నాలుగడుగులు వెయ్యాలంటే బద్ధకం. కొత్తలో ఆవిడ షాపుకి టీ పట్టుకెళ్ళడానికే వెళ్ళేది. ఊరికే కూర్చోలేక మరలు విప్పడం నేర్చుకుంది, మరలు విప్పాక లోపల ఏముందో అడగడం నేర్చుకుంది. అడిగిన ప్రతిదానికీ ఆయన జవాబు చెప్పేవాడు కాదు. తెలిస్తే చెప్పేవాడు, తెలియకపోతే “విప్పి చూడు” అనేవాడు. ఆ విప్పి చూడటంలోనే ఆవిడ చదువంతా అయిపోయింది. ఎర్ర వైరు ఎటు పోతుందో నల్ల వైరు ఎటు పోతుందో షాపు వెనక తలుపు మీద సుద్దముక్కతో గీసుకుని, తప్పయితే చెంగుతో తుడిచేసి మళ్ళీ గీసుకునేది.

ఒకే ఇంటివాళ్ళు ఒకే ఇస్త్రీపెట్టెని షాకు కొడుతోందని పదేపదే పట్టుకొస్తుంటే ఒకరోజు ఆవిడకి అనుమానం వచ్చింది. జబ్బు పెట్టెది కాదు, ఇంటిది అంది. అయితే వెళ్ళి నాడి చూసి రమ్మన్నాడు ఆయన, నవ్వులాటకి. ఆవిడ నవ్వలేదు, చెప్పులేసుకుని వెళ్ళింది. ఆ ఇంట్లో మూడు కన్నాల ప్లగ్గు ఉంది కానీ, పైనున్న మూడో కన్నానికి లోపల వైరే లేదు. ఎర్త్ అని చెప్పి ఉత్త కన్నం పెట్టి పోయాడు ఎవరో మహానుభావుడు. తాళం లేని తలుపుకి తాళంకప్ప బొమ్మ గీసినట్టు. ఆ రోజు నుంచి ఆవిడ ఇళ్ళకి వెళ్ళడం మొదలైంది, ఆయన కాలు కదపకుండా కూర్చోవడం ఖాయమైంది.

ఆవిడ పనిచేసే తీరు చూడ్డానికి పిల్లలు గుమ్మం దగ్గర మూగుతారు. ముందు చేతులు పొడిగుడ్డతో తుడుచుకుంటుంది. గడియారం, లోహపు గాజులు తీసి సంచిలో వేస్తుంది. అడుగున మందంగా ఉన్న రబ్బరు చెప్పులు వేసుకుంటుంది. ఆ తర్వాత ఎడమచేతిని నడుం వెనక్కి పెట్టేసుకుంటుంది. రెండు చేతులూ ముందుకొస్తే ఒకటి వైరుకి, ఒకటి గోడకి తగిలి, మధ్యలో ఉన్న గుండెలోంచి కరెంటు దారి చూసుకుంటుందట. ఒక చెయ్యి వెనక్కి కట్టుకుని గోడల ముందు నడుస్తుంటే తనిఖీకొచ్చిన పెద్దాఫీసరులా ఉంటుందని వీధిలో అంటారు. జీతం లేని ఆఫీసరు అని ఆవిడే ముందు అనేస్తుంది.

అన్నిటికన్నా వింతయినది ఆవిడ చూసే వరస. ప్లగ్గులో కరెంటు లేదని తేల్చాలంటే నేరుగా ఆ ప్లగ్గు దగ్గరికి వెళ్ళదు. కరెంటు కచ్చితంగా ఉన్నచోట ముందు టెస్టరు పెట్టి, ఎర్రగా వెలిగాక, అప్పుడు అనుమానమున్న ప్లగ్గు దగ్గరికి వస్తుంది. అక్కడ వెలగకపోతే మళ్ళీ మొదటిచోటికే వెళ్ళి ఇంకోసారి పెడుతుంది. చూసేవాళ్ళకి ఇదంతా చాదస్తంలా ఉంటుంది. ఆ చాదస్తం వెనక ఒక గోడ ఉంది.

పనికి కొత్తలో ఒక దర్జీ ఇంటికి వెళ్ళింది. కుట్టుమిషను మోటారు తిరగడం లేదు. ప్లగ్గులో టెస్టరు పెడితే వెలగలేదు. కరెంటు లేదనుకుని లోపల చెయ్యి పెట్టింది. ఆ తర్వాత ఆవిడకి గుర్తున్నది వీపుకి తగిలిన గోడే. ప్లగ్గు బాగానే ఉంది. టెస్టరులోని బుడ్డి బల్బే ఎప్పుడో పాడైపోయింది. ఆ సాయంత్రం భర్త ఆవిడ అరచేతికి మందు రాస్తూ కోప్పడలేదు.

“టెస్టరు తను చచ్చిపోయి, ప్లగ్గు చచ్చిపోయిందని నీకు చెప్పింది. చచ్చినవాళ్ళ మాట నమ్ముతారటే ఎవరన్నా?”

అప్పట్నించీ ముందు బతికున్నదాన్ని పలకరించడం, తర్వాత అనుమానమున్నదాన్ని, మళ్ళీ బతికున్నదాన్ని పలకరించడం ఆవిడకి ఊపిరి తీసినంత అలవాటైపోయింది. ఎవరన్నా నవ్వితే ఒకే మాట చెబుతుంది: వచ్చిందా అని అందరూ చూస్తారు, పోయిందా అని చూడ్డమే నా పని.

అలాంటి మనిషి కూతురింట్లో తన వరస తనే తప్పింది. అదీ అసలు సంగతి.

కూతురు అత్తవారింట్లోనే ఉంటుంది. చంటిపిల్ల పాకడం మొదలుపెట్టింది, నాలుగు రోజులు ఉండి వెళ్ళమ్మా అని పిలిచింది. పిలుస్తూనే ఒక షరతు పెట్టింది. గేటు దగ్గర సంచి అందుకుంటూ ఆ షరతు మళ్ళీ గుర్తుచేసింది.

“అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఇక్కడ మాత్రం టెస్టరు తియ్యకు. మావయ్యగారు ఆ బల్ల ఎంత ఇష్టంగా చేశారో నీకు తెలీదు.”

మావయ్యగారంటే టెస్టరమ్మకి వియ్యంకుడు, వడ్రంగి. చెయ్యి తిరిగిన పనివాడు. చెక్క ఆయన మాట వింటుంది, అది విన్నంతగా ఇంట్లో ఎవరూ వినరు అంటుంది ఆయన భార్య. మనవరాలు పుట్టాక ఆయన ముందుగదిలో కిటికీ కింద గోడ పొడుగునా ఒక బల్ల చేశాడు. కోడలు కూర్చుని పిల్లకి పాలివ్వడానికి, రేపు పిల్ల కూర్చుని వీధి చూడ్డానికి. మూలలన్నీ గుండ్రంగా అరగదీశాడు. పిల్ల బుగ్గ ఎంత నున్నగా ఉంటుందో అంచు అంత నున్నగా రావాలని వారం పాటు ఉప్పుకాగితం పట్టాడట. ఆ గోడ మీదున్న పాత స్విచ్చిబోర్డు బల్లకి అడ్డమొచ్చింది. దాన్ని ఊడదీసి, బల్లకి ముందువైపు, కిందగా, తను చేసిన చెక్కపలకలో బిగించాడు. పక్కన పెట్టే దీపం వైరు ఎవరికీ కనపడకుండా ఉండాలని. పలక మరలకి ఉన్న గాట్లన్నీ ఒకే దిక్కు చూస్తూ నిలబడేలా బిగించాడు. తెలిసినవాళ్ళకి అది చాలు, ఆ చెయ్యి ఎలాంటిదో చెప్పడానికి.

మర్యాదలన్నీ అయ్యాక ముందు బల్లనే చూపించాడు. టెస్టరమ్మ చేత్తో రాసి చూసి మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. కానీ ఆవిడ కళ్ళు కిందికి దిగాయి. ప్లగ్గు పిల్ల పాకే ఎత్తులో ఉంది. పిల్లేమో కన్నం కనిపిస్తే వదలని రకం. తాళం కన్నంలో పెన్సిలు పెడుతుంది, తండ్రి బూటు తాడు కన్నంలో చెంచా కొస పెట్టాలని చూస్తుంది, తల్లి జడలోంచి పిన్ను లాగి ఎక్కడ పెడదామా అని ఇల్లంతా వెతుకుతుంది.

ఆవిడ చూపు ఎటు పోయిందో వియ్యంకుడు పట్టేశాడు. పిల్ల తిరుగుతోందని దీపం వాడటం మానేశామనీ, స్విచ్చి ఆపేసి దాని మీద టేపు కూడా అంటించామనీ చెప్పాడు. ఆ మాటతో పాటు ఒక చురకా వేశాడు.

“మా చెల్లెమ్మ చేతులు దురద పెడుతున్నట్టున్నాయి. టీ ఇస్తే దాంట్లో కూడా టెస్టరు పెట్టి చూస్తుందేమో.”

అందరూ నవ్వారు, టెస్టరమ్మ కూడా నవ్వింది. అంతా టీకి వంటింట్లోకి నడిచారు. ఆవిడ సంచి సర్దుకునే వంకతో వెనకబడింది.

ఇంతమంది ఇళ్ళలో ధీమాగా తీసిన టెస్టరుని అక్కడ దొంగలా తీసింది. గడియారం తియ్యలేదు. చెప్పులు గుమ్మం బయట ఉండిపోయాయి. తెలిసినచోట ముందు పెట్టి చూద్దామంటే అది వంటింట్లో ఉంది, అక్కడ అందరూ ఉన్నారు. బల్ల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ముందుకు వంగి, కన్నాల్లో పెట్టింది. ఎదురుగా తెరిచున్న తలుపులోంచి ఎండ నేరుగా పలక మీద పడుతోంది. ఏమీ వెలిగినట్టు కనపడలేదు. అవతల్నుంచి “వదినగారూ, టీ చల్లారిపోతోంది” అని వియ్యపురాలి పిలుపు. టెస్టరు సంచిలోకి పోయింది, ఆవిడ వంటింట్లోకి పోయింది. కూతురు కళ్ళతోనే అడిగితే, బాగానే ఉందిలే అని చెవిలో చెప్పింది కూడా.

భోజనాలయ్యాయి. వియ్యంకుడు వెనకగదిలో నడుం వాల్చాడు. పిల్ల కిటికీ బల్ల పక్కనే చాప మీద నిద్రపోయింది, గుప్పిట్లో తల్లి పిన్ను. టెస్టరమ్మ మెల్లగా ఆ వేళ్ళు విప్పి పిన్ను తీసేసింది. తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. నోట్లో రాయి తగిలినట్టు పొద్దుటి సంగతి తగిలింది.

నేను బతికున్నదాన్ని పలకరించలేదు కదా, అనుకుంది.

అంతేనా. ఎండలో చూశాను. టెస్టరు వెలుగు ఎంత, ఎండ ఎంత. ఎండిన చెక్క మీద కూర్చుని చూశాను. చెప్పులతోనైనా నేల మీద నిలబడితే సరే, నేలకి ఎడంగా చెక్క మీదెక్కిన మనిషి చేతిలో టెస్టరు వెలిగీ వెలగనట్టు వెలుగుతుంది. పైగా వెలగకూడదని కోరుకుంటూ చూశాను. ఇలా చూడ్డం కన్నా చూడకపోవడం నయం. చూడకపోతే అనుమానమన్నా మిగిలేది.

మొహమాటం కరెంటుని మించిన ప్రమాదం అని ఆవిడకి అప్పుడు అర్థమైంది. కరెంటుకి టెస్టరన్నా ఉంది.

లేచింది. చెప్పులు వేసుకుంది, గడియారం తీసింది, చేతులు తుడుచుకుంది. వంటింట్లో ఫ్రిజ్ పక్క ప్లగ్గులో పెట్టింది. ఎర్రగా వెలిగింది. నీ ఒంట్లో బాగానే ఉంది, పద అని టెస్టరుతో అన్నట్టు తల ఊపి కిటికీ దగ్గరికి వచ్చింది. పొద్దు తిరిగింది, పలక నీడలో ఉంది. నేల మీద నిలబడి వంగి, టెస్టరు చుట్టూ అరచెయ్యి గొడుగులా పట్టి, ముందు కుడి కన్నంలో పెట్టింది. లేదు. ఎడమ కన్నంలో పెట్టింది.

నిప్పురవ్వలా వెలిగింది. స్విచ్చి ఆపే ఉంది. దాని మీద టేపు కూడా చక్కగా అంటుకునే ఉంది.

ఏం జరిగిందో ఆవిడకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఎరుపూ నలుపూ తారుమారయ్యాయి. కరెంటు తెచ్చే ఎర్ర వైరు స్విచ్చిలోకి పోకుండా నేరుగా కన్నానికి పోయింది. తిరిగి పోయే నల్ల వైరు మీద స్విచ్చి కూర్చుంది. స్విచ్చి వేస్తే దీపం వెలుగుతుంది, ఆపితే ఆరుతుంది, అనుమానమే రాదు. కానీ ఆరింది దీపమే, కరెంటు కాదు. అది ఆ కన్నంలో రాత్రీ పగలూ కాపు కాసుకుని కూర్చుంది. టేపు చూసుకుని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నారు.

ముందు చెయ్యాల్సిన పని విషయంలో ఆవిడకి ఏ సందేహమూ లేదు. స్విచ్చి మీది టేపు ఊడబీకి, మెయిను బోర్డు దగ్గరికి నడిచి, ముందువైపు గదులకి కరెంటు పోయే బ్రేకరుని కిందికి దించి, ఎవరూ తిరిగి ఎత్తకుండా ఆ టేపునే దాని మీద అంటించింది. వంటింట్లో పెట్టి చూసింది, వెలిగింది. కిటికీ దగ్గర చూసింది, లేదు. మళ్ళీ వంటింట్లో చూసింది, వెలిగింది. అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

తర్వాతి పని గురించి మాత్రం బల్ల మీద కూర్చుని ఆలోచించింది. ఆ పలక విప్పి, రెండు వైర్లు అటుదిటు చేసి బిగించడం ఆవిడకి పాలు కాగేంత సేపు పని. ఎవరికీ తెలియదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. కానీ ఎదురింటివాళ్ళు అచ్చం ఇలాంటి బల్లే కావాలని అడిగారనీ, వచ్చేవారం మొదలుపెడతాననీ టీ తాగుతూ చెప్పాడు ఆయన. ఇవాళ గుట్టుగా సరిచేస్తే రేపు ఆ ఇంటి ప్లగ్గు ఎవరు సరిచేస్తారు? చెబితేనేమో కూతురి కాపురంలో మావగారి మొహం మాడుతుంది. మనవరాలికి ప్రేమగా చేసిన బల్లని తప్పు పట్టినట్టవుతుంది, అదీ పిల్లనిచ్చిన తల్లి, ఇంటికొచ్చిన రోజునే.

ఆలోచన తెగేలోపే వెనకగది తలుపు తెరుచుకుంది. ఆ గదీ ఆ బ్రేకరు మీదదే. ఫ్యాను ఆగితే ఆయన నిద్రా ఆగింది.

ఎవరు తీశారు కరెంటు అని అడిగాడు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. నేనే అన్నయ్యగారూ అంది టెస్టరమ్మ, లేచి నిలబడి. కిటికీ దగ్గర ప్లగ్గులో, స్విచ్చి ఆపినా కరెంటు ఉందని పుల్ల విరిచినట్టు చెప్పేసింది. ఆ మాట విని వంటింట్లోంచి కూతురు పరిగెత్తుకొచ్చింది. పొద్దున బాగుందన్నావు కదమ్మా అంది.

వియ్యంకుడి మొహంలో నవ్వు లేదు.

“ఎలా ఉంటుందమ్మా? వేస్తే వెలిగింది, ఆపితే ఆరింది. నా చేత్తో బిగించాను, నా కళ్ళతో చూశాను. నా పని నాకు తెలీదా?”

ఆయన భార్య గుమ్మంలో నిలబడి, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అని గొణిగింది. అది కూడా గట్టిగా అనలేదు. కూతురు తల్లి వంక చూసిన చూపులో, వద్దన్న పనే చేశావు కదా అన్న నింద ఉంది. టెస్టరమ్మ ఆ చూపుని పక్కన పెట్టింది. బల్ల వారనున్న ఆయన పనిపెట్టె వైపు, అందులో మూలలు సరిచూసే మూలమట్టం వైపు చూసింది.

“అన్నయ్యగారూ, మీ మూలమట్టం ఎప్పటిది?”

“మా నాన్నది. నాకన్నా పెద్దది. ఇప్పుడు దాని ఊసెందుకు?”

“నమ్మకమైనదే కదా. మరి దాన్ని చెక్క మీద పెట్టి గీత గీసేయడమేనా, ముందు దాన్నేమన్నా చూస్తారా?”

తన పని గురించి అడిగితే కోపంలోనైనా జవాబు చెప్పకుండా ఉండలేడు ఆయన. కిందపడి ఉంటుందో, ఎవరన్నా తొక్కి ఉంటారో, చూడకుండా ఎలా పెడతాం అన్నాడు. చూపించమంది. చదునైన చెక్కముక్క ఒకటి తీసి, అంచుకి మూలమట్టం ఆనించి పెన్సిలుతో గీత గీశాడు. దాన్ని తిరగేసి, అదేచోట రెండో వైపు నుంచి ఇంకో గీత గీశాడు. రెండు గీతలూ ఒక్కటైపోయాయి. కలవకపోతే తప్పు చెక్కది కాదు, మట్టానిది అన్నాడు.

“పొద్దున నేను నా మట్టాన్ని తిరగేసి చూడలేదు అన్నయ్యగారూ. మీరేమనుకుంటారో అని మీ చాటున, ఎండలో, హడావిడిగా చూసి, బాగుందని మీ కోడలికి చెప్పేశాను. ముందు తప్పు నాది. ఇప్పుడు తిరగేసి చూశాను. మీరూ ఒకసారి చూడండి. నా మాట మీద నమ్మొద్దు.”

ఆయన చెక్కముక్కని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. సరే, చూపించమన్నాడు.

పిల్లని నిద్రలోనే భుజాన వేసుకుని కూతురూ వియ్యపురాలూ వసారాలోకి వెళ్ళారు. టెస్టరమ్మ సంచిలోంచి, కరెంటు ఎంతుందో అంకెల్లో చూపే మీటరు తీసింది. ముందు వంటింట్లో ఒక ప్లగ్గుకి స్విచ్చి వేసి కొలిచింది, అంకె నిండుగా వచ్చింది. స్విచ్చి ఆపి కొలిచింది, సున్నా. ఆపితే ఇలా పోవాలి అంది. బ్రేకరు ఎత్తి వచ్చి, కిటికీ దగ్గర స్విచ్చి ఆపే ఉందని ఆయనకి చూపించి, ఎడమ కన్నంలో ఒక కొన, పై ఎర్త్ కన్నంలో ఒక కొన పెట్టింది. అంకె నిండుగా నిలబడింది.

వియ్యంకుడు స్విచ్చి వంక చూశాడు. అంకె వంక చూశాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ అదే అంకె. టెస్టరమ్మ వెళ్ళి బ్రేకరు దించి వచ్చేసరికి ఆయన పలక ముందు నేల మీద చతికిలబడి, గాల్లో చేతులు తిప్పుతూ ఏదో లెక్క చూసుకుంటున్నాడు. ఆ చేతులు ఒకచోట ఆగాయి.

“బోర్లా పెట్టాను” అన్నాడు మెల్లగా. “పాలిష్ గీసుకుపోతుందని గుడ్డ పరిచి, పలకని బోర్లా పెట్టి వెనకనుంచి బిగించాను. పాత బోర్డులో ఎరుపు కుడివైపుండేది. నేనూ కుడివైపే పెట్టాను. బోర్లా ఉన్నదానికి కుడి ఎక్కడుంటుంది? చెక్కకైతే ఏది ముందో ఏది వెనకో గుర్తు పెట్టకుండా ఎప్పుడూ కొయ్యను.”

టెస్టరమ్మ ఓదార్చలేదు. ఓదారిస్తే చిన్నబుచ్చినట్టు ఉంటుందని ఆవిడకి తెలుసు. మీరే విప్పండి, మీ మరలు నేను బిగిస్తే గాట్లు దిక్కుకొకటి చూస్తాయి అంది. ఆయనకి నవ్వు రాబోయి ఆగింది.

ఆవిడ చెప్పిన వరసలో ఆయన చేశాడు. టెస్టరు ఆయన చేతికే ఇచ్చింది. చెప్పులు వేసుకున్నాడు, వంటింట్లో చూశాడు, కిటికీ దగ్గర చూశాడు, మళ్ళీ వంటింట్లో చూశాడు. ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకోమంటే పెట్టుకున్నాడు. వసారాలోంచి ఆయన భార్య అది చూసి ఊరుకోలేదు.

“పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చెబితే ఒక్క పని చెయ్యలేదు. వదినగారూ, మీరు నెలకోసారి వచ్చి వెళ్తుండండి.”

ఈసారి ఆయన నవ్వు ఆగలేదు. కూతురు కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. తల్లి పక్కకొచ్చి భుజానికి భుజం ఆనించి నిలబడింది.

వైర్లు మారాయి. పలక బిగించేముందు ఆయన లోపలివైపు పెన్సిలుతో ‘వెనక’ అని రాసుకున్నాడు. మరలు బిగించాక గాట్లన్నీ మళ్ళీ ఒకే దిక్కు చూశాయి. కరెంటు ఇచ్చి, స్విచ్చి ఆపి టెస్టరమ్మ మీటరు పెడితే రెండు కన్నాల్లోనూ సున్నా వచ్చింది. స్విచ్చి వేస్తే కుడి కన్నంలో, ఉండాల్సినచోట, నిండు అంకె. అయినా ఆపిన స్విచ్చిని ఎవరైనా వేసెయ్యొచ్చు, కన్నాలు పిల్ల ఎత్తులో ఉన్నంతకాలం దీన్ని నమ్మొద్దు, మూత కావాలి అంది. ఆ మాట చాలు ఆయనకి. మర్నాడు కూర్చుని, పలక మీద గాడిలో జరిగే చెక్కమూత ఒకటి చేశాడు. పైనున్న చిన్న మేకు ఎత్తితే గానీ అది జరగదు. పిల్ల దాన్ని లాగింది, నెట్టింది, చెంచాతో కొట్టింది, చివరికి తాత మొహంలోకి చూస్తూ దాని మీద ఫిర్యాదుగా ఆ, ఊ అంది. మూత మాత్రం కదలలేదు.

ఇంట్లో మిగతా ప్లగ్గులన్నీ చూడమని ఆయనే అడిగాడు. ఆవిడ వెంటే తిరుగుతూ, ఒక్కోచోటా ఎందుకని అడుగుతూ చూశాడు. ఫ్రిజ్ వెనక ఎర్త్ వైరు వదులుగా ఉంటే ఆయనే బిగించాడు.

ఆవిడ వెళ్ళేరోజు పొద్దున్నే ఎదురింటాయన బల్ల కొలతలు మాట్లాడుకోడానికి వచ్చాడు. టెస్టరమ్మ కిటికీ బల్ల మీద కూర్చుని టీ తాగుతోంది, ఒళ్ళో మనవరాలు. వియ్యంకుడు చెక్క గురించి చెప్పాడు, మూలల గురించి చెప్పాడు, మూత జరిపి చూపించాడు. అక్కడితో ఆగకుండా గొంతు సవరించుకున్నాడు.

“వెలిగిందా అని అందరూ చూస్తారండీ. పోయింది నిజంగా పోయిందా అని చూసేవాడే పనివాడు.”

పుట్టినప్పట్నించీ తెలిసిన మాటలా చెప్పాడు. కూతురు నవ్వాపుకోలేక వంటింట్లోకి తప్పుకుంది. టెస్టరమ్మ ఇంకో గుక్క టీ తాగింది. ఆయన చెప్పులేసుకుని, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, టెస్టరు తీసుకుని, ఇదిగో చూడండి అంటూ ప్లగ్గు దగ్గరికి వంగాడు.

టెస్టరమ్మ చిన్నగా దగ్గింది.

వంగినవాడు వంగినట్టే ఆగాడు. “ఒక్క నిమిషం ఉండండి” అని ఎదురింటాయనతో అని, నిటారుగా లేచి, ముందు వంటింట్లోకి నడిచాడు.